వంకాయరంగు దడి వేసేముందు

నాయనా,

కొత్త ఇంటి హద్దు పొడుగునా వంకాయరంగు ఆకుల బీచ్ చెట్లతో దడి పెంచాలని నువ్వూ కోడలూ అనుకుంటున్నారట. మంచి ఆలోచనే. ఇంగ్లండు చలికీ గాలికీ తట్టుకుని తరాలపాటు నిలిచే దడుల్లో అదొకటి. నర్సరీకి డబ్బు కట్టేముందు మాత్రం ఈ పెద్దమ్మ మాట కాస్త చెవిన వేసుకో. ఈ చెట్టుకు మనం చేయాల్సిన పనులు ఎక్కువేమీ లేవు. ఉన్న నాలుగు పనులూ వేళకు చేయాలి, తక్కిన కాలమంతా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. మనవాళ్ళకు మొదటిదానికంటే రెండోదే కష్టం. మొక్క నాటామంటే రోజూ నీళ్ళు గుమ్మరించడం, దొరికిన ఎరువల్లా వెయ్యడం, కత్తెర చేతికొచ్చినప్పుడల్లా ఓ కొమ్మ తుంచడం మనకు ప్రేమ. బీచ్‌కి ఆ ప్రేమ పడదు.

ముందు నీ అవసరం ఏమిటో తేల్చుకో. పక్కింటి కిటికీ తిన్నగా మీ వంటింట్లోకే చూస్తోంది, వచ్చే ఎండాకాలానికల్లా అడ్డు కావాలి అనేదే నీ తొందరైతే బీచ్ నీకు పనికిరాదు. శీతాకాలంలో దడి కోసం అమ్మే మొక్కలు మామూలుగా 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. నాటిన మొదటి ఏడు పైకి ఎదిగినట్టే కనిపించవు. వేళ్ళు కుదురుకున్నాక ఏడాదికి ఓ అడుగు, మంచి నేలయితే అడుగున్నర ఎదుగుతాయి. మనిషెత్తు దడి కావాలంటే ఐదారేళ్ళ ఓపిక ఉండాలి. వంకాయరంగుది ఆకుపచ్చ బీచ్ కంటే ఇంకాస్త నిదానం.

ఆ ఓపిక లేకే ఈ దేశంలో ఎంతోమంది లేలాండీ వేసుకున్నారు. ఏడాదికి మీటరుకు కాస్త తక్కువగా ఎదిగే, ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టది. కావలసిన ఎత్తు రాగానే ఆగదు, ఆపుదామని ముదురు కొమ్మల్లోకి కోస్తే ఆ చోట మళ్ళీ చిగురించదు. వెలుతురు పోయిందని పక్కవాళ్ళు, నా చెట్టు నా ఇష్టమని వీళ్ళు తగువులాడుకుని, చివరికి 2003లో వచ్చిన ఓ చట్టంలో ఎత్తైన దడుల కోసమే ఒక భాగం పెట్టాల్సి వచ్చింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మన పెద్దవాళ్ళు అన్నది ఇలాంటివి చూసే. బీచ్ అయితే ముదిరిన కొమ్మ దాకా కోసినా మళ్ళీ చిగురు వేస్తుంది, కాబట్టి దాని ఎత్తూ వెడల్పూ ఎప్పటికీ నీ చేతిలోనే ఉంటాయి. అందాకా వంటింటి కిటికీకి అడ్డు కావాలంటే హేజెల్ కొమ్మలతో అల్లిన తడికలు గార్డెన్ సెంటర్లలో దొరుకుతాయి, ఒకటి కట్టుకో. మొక్కల మీద దాని నీడ పడకుండా మాత్రం చూసుకో.

ఇక నేల సంగతి. కొత్తగా కట్టిన కాలనీల్లో పచ్చిక చూసి మోసపోకూడదు. పైన పలచగా పరిచిన మట్టి, కింద పెద్ద యంత్రాలు తిరిగి తిరిగి గట్టిపడిన బంకమట్టి, మధ్యలో ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్ళలూ ఉంటాయి. బీచ్ సున్నపు నేలలో హాయిగా బతుకుతుంది. దక్షిణ ఇంగ్లండు సుద్దకొండల మీద అడవులు అడవులే ఉన్నాయి. ఇసక నేలనూ ఓర్చుకుంటుంది. నీళ్ళు నిలిచే నేలను మాత్రం ఓర్వదు. వేరు కుళ్ళి, ఒకచోట బతికీ ఒకచోట చచ్చీ, పన్నూడిన నోరులా సందులు మిగులుతాయి. అందుకని దడి వేసే చోట రెండు మూడు గోతులు అడుగు లోతు తవ్వి, నిండా నీళ్ళు పోసి చూడు. మర్నాటికి ఇంకిపోతే సరే. ఇంకా నిలిచే ఉంటే బీచ్ ఆలోచన మానుకుని హార్న్‌బీమ్ వేసుకో. ఆకు చూడ్డానికి బీచ్‌లాగే ఉంటుంది, కత్తిరింపుకు లొంగుతుంది, తడి బంకమట్టిని తట్టుకుంటుంది. వంకాయరంగు రాదు, ఆకుపచ్చతో సరిపెట్టుకోవాలి. కోడలికి ఆ రంగు మీద మోజు తీరకపోతే ఎండ తగిలే మూల మట్టి ఎత్తుచేసి మడి కట్టి, వంకాయరంగు ఆకుల స్మోక్ బుష్ ఒకటి పెట్టుకోండి.

నేల కుదిరితే ఎండ చూడు. ఈ ఆకులోనూ పత్రహరితం ఉంది. దాన్ని కప్పేసేంత ఎక్కువగా ఆంథోసయానిన్ అనే ఎర్ర వర్ణద్రవ్యం కూడా ఉంటుంది కాబట్టి మన కంటికి పచ్చదనం తెలియదు. ఆ వర్ణం ఊరాలంటే ఎండ తగలాలి. నీడలో ఉన్న ఆకు మాసిపోయిన పచ్చరంగుకు తిరుగుతుంది. దడి సగం ఎండలో, సగం గ్యారేజీ నీడలో పడితే రెండు రంగుల దడి తయారవుతుంది. మీ స్థలంలో రోజులో ఎక్కువసేపు ఎండ ఎక్కడ పడుతుందో ఒక సెలవురోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గమనించు. ఎండ బాగున్న చోట కూడా ఏడాదంతా ఒకే రంగు ఉంటుందనుకోకు. ఏప్రిల్ చివర, మే మొదట్లో లేత చిగురు ఎర్రగా, వెలుతురు అవతలికి కనిపించేంత పలచగా వస్తుంది. జూన్, జులై నెలల్లో ముదురు వంకాయరంగుకు తిరుగుతుంది. ఎండాకాలం చివరికి కంచురంగులో కాస్త పచ్చ కలుస్తుంది.

మొక్కలు కొనేటప్పుడు ఇంకో తేడా పాడా చూసుకోవాలి. ఈ రంగు ఎవరో పనిగట్టుకుని పుట్టించింది కాదు. అడవిలో పచ్చటి బీచ్ చెట్ల మధ్య ఎప్పుడో ఒకటి దానంతటదే ఇలా మొలుస్తుంది. స్విట్జర్లాండులో జూరిక్ కాంటన్‌లోని బూఖ్ ఆమ్ ఇర్షెల్ ఊరి దగ్గర ఇలాంటి చెట్లున్నాయని 1680లోనే పుస్తకానికెక్కింది. ఐదుగురు అన్నదమ్ములు అక్కడ ఒకరినొకరు చంపుకున్నారనీ, నెత్తురు పడ్డచోట ఈ చెట్లు లేచాయనీ అక్కడివాళ్ళు కథ చెప్పుకునేవారు. జర్మన్లు దీన్ని ఇప్పటికీ నెత్తుటి బీచ్ అనే అంటారు. జర్మనీలో సోండర్స్‌హౌజెన్ దగ్గరి అడవిలో 18వ శతాబ్దంలో కనిపించిన చెట్టు నుంచి ఐరోపా తోటలకు ఎన్నో మొక్కలు చేరాయి. ఇలా పుట్టిన చెట్టు విత్తనాలు వేస్తే మొలిచే పిల్లలన్నిటికీ తల్లి రంగు రాదు. కొన్ని ముదురుగా, కొన్ని ఎర్రగోధుమ రంగులో, కొన్ని ఏకంగా పచ్చగా మొలుస్తాయి. పార్కుల్లో ఒంటిగా నిలబడే రివర్సీ లాంటి ముదురురంగు రకాలను అందుకే అంటుకట్టి పెంచుతారు. దడికి చాలా మొక్కలు కావాలి కాబట్టి విత్తనం మొక్కలే అమ్ముతారు. నువ్వు కొనేది కూడా అదే.

కాబట్టి నర్సరీవాళ్ళని రెండు మాటలు అడుగు. ఆకు మీద ఉన్నప్పుడు రంగు చూసి ఏరిన మొక్కలేనా, అన్నీ ఒకే విత్తన బ్యాచ్‌వా అని. కాస్త ఎక్కువే కొని, మిగిలినవాటిని దడి చివర ఒక మూల నాటి ఉంచు. ఏదైనా చచ్చిపోతే ఆ సందులోకి అదే బ్యాచ్ మొక్క, అదే ఈడుది దొరుకుతుంది. ఆకులతో ఉన్న కుండీ మొక్కలు కొంటే రంగు కళ్ళతో చూసి ఎంచుకోవచ్చు గానీ ధర చాలా ఎక్కువ. పొడుగాటి దడికి, వేళ్ళకు మట్టి లేకుండా అమ్మే బేర్ రూట్ మొక్కలే మేలు. ఆకు రాల్చి నిద్రపోతున్న కాలంలో, అంటే నవంబరు నుంచి మార్చి దాకా అమ్ముతారు. మన లెక్కలో కార్తీకం నుంచి ఫాల్గుణం అనుకో. నీ వేలెడు మందం కాండం ఉన్నవీ, నిండుగా పీచువేళ్ళున్నవీ ఏరుకో. ఆరడుగుల మొక్కలకు డబ్బు పోసి గొప్పకు పోకు. అవి కుదురుకునేసరికి చిన్నవి వాటిని అందుకుంటాయి.

ఒంటి సాలుకు మీటరుకు మూడు మొక్కలు చాలు. దట్టంగా కావాలంటే రెండు సాళ్ళు, వాటి మధ్య 40 సెంటీమీటర్లు, ఒక సాలు మొక్క రెండో సాలు మొక్కల సందుకు ఎదురుగా వచ్చేలా మీటరుకు ఐదు. పది మీటర్ల హద్దుకు ఒంటి సాలయితే ముప్ఫై, జంట సాళ్ళయితే యాభై. హద్దు గీత మీద కాకుండా నీ వైపుకు రెండడుగుల లోపలికి జరిగి నాటు. పూర్తిగా ఎదిగిన దడి మీటరు వెడల్పు తీసుకుంటుంది. అటు పక్కవాళ్ళ తోటలోకి పొడుచుకుపోతే కత్తిరించుకునే హక్కు వాళ్ళకుంటుంది, అప్పుడు వాళ్ళ కత్తెర నీ దడి రూపం తేలుస్తుంది. ఇల్లు కొన్నప్పటి కాగితాలు కూడా ఓసారి తిరగెయ్. ఇంటి ముందు కంచెగానీ దడిగానీ వెయ్యకూడదని కొత్త కాలనీల దస్తావేజుల్లో షరతులుంటాయి.

మొక్కలు వచ్చిన రోజే నాటడం మంచిది. కుదరకపోతే తడిమట్టిలో వేళ్ళు కప్పి ఉంచు. గాలికి వేరు ఎండితే కథ కంచికే. గడ్డకట్టిన నేలలోనూ, నీళ్ళు నిలిచిన నేలలోనూ నాటకు. విడివిడి గుంటలకంటే పొడుగునా కందకం తవ్వు, రెండడుగుల వెడల్పు, పార లోతు. అడుగు మట్టిని ముళ్ళపారతో పొడిచి వదులు చెయ్. కంపోస్టు వెయ్యదలిస్తే కందకమంతా కలిసేలా వెయ్, మొక్క కింద మాత్రం ముద్దగా పెట్టకు. నర్సరీలో ఎంతవరకు మట్టిలో ఉందో కాండం మీద గుర్తు కనిపిస్తుంది, సరిగ్గా అంతే లోతు. పీకల దాకా పూడ్చకు. మడమతో నొక్కి, నీళ్ళు పోసి, మీటరు వెడల్పున బెరడుముక్కలో కంపోస్టో మందంగా పరచు. ఆ పరుపు కాండానికి తగలకూడదు. ఆ మీటరులో మూడేళ్ళపాటు పచ్చికను రానివ్వకు. చిన్న బీచ్‌కి పెద్ద శత్రువు పచ్చికే, పైపైనున్న తడి అంతా అదే తాగేస్తుంది.

నీళ్ళు మొదటి రెండు మూడు ఎండాకాలాలు తప్పనిసరి. బీచ్ వేళ్ళు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. అందుకే కరువొచ్చినప్పుడు ముందు దెబ్బతినేది అదే. 2022 జులై 19న లింకన్‌షైర్ కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. మన విజయవాడ ఎండ ఇక్కడికే వచ్చింది. ఆ ఏడే చాలా ప్రాంతాల్లో గొట్టాలతో తోటలకు నీళ్ళు పెట్టకూడదని నిషేధం పెట్టారు. కాబట్టి చూరు నీళ్ళు పట్టడానికి ఓ పీపా ఇప్పుడే పెట్టించుకో. రోజూ చెంబెడు చల్లడం దండగ. ఎండగా ఉన్న వారాల్లో వారానికోసారి ఒక్కో మొక్కకు బకెట్టెడు నీళ్ళు మెల్లగా ఇంకేలా పోస్తే వేరు కిందికి దిగుతుంది. వాన పడుతున్న వారాల్లో అసలు అక్కర్లేదు.

కత్తెర దగ్గరే మనవాళ్ళు తొందరపడేది. మన ఊళ్ళో గోరింట దడిని ఎప్పుడు నరికినా చిగురేస్తుంది, అక్కడ దానికి ఏడాదంతా వెచ్చదనమే. బీచ్‌కి ఎదుగుదలంతా వసంతంలో ఒక్క ఊపున వస్తుంది, నడివేసవిలో ఒకోసారి ఇంకొంచెం. నాటిన మొదటి రెండేళ్ళు పక్క కొమ్మల కొసలు కొద్దిగా గిల్లు, చాలు. కింద గుబురు కట్టడానికి అది సరిపోతుంది. నడిమి కొమ్మ కావలసిన ఎత్తుకు వచ్చేదాకా దాన్ని సగానికి నరికే పని పెట్టుకోకు. హాథార్న్, ప్రివెట్ లాంటి దడి మొక్కలకు చెల్లే కత్తిరింపు దీనికి చెల్లదు. అడుగున గుబురు ఈ వయసులోనే రావాలి. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది దడి విషయంలో అక్షరాలా నిజం.

దడి కుదురుకున్నాక ఏడాదికి ఒక్క కత్తిరింపు, ఆగస్టులో. వరలక్ష్మీవ్రతం అయ్యాక అని గుర్తుపెట్టుకో, మర్చిపోవు. కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నంగా కత్తిరించు. పైన వెడల్పయితే అడుగు కొమ్మలకు వెలుతురు అందక అవి బోడి అయిపోతాయి, వంకాయరంగూ పోతుంది. ఆగస్టు అనడానికి కారణం ఉంది. అప్పుడు కత్తిరిస్తే శరత్తులోపు చిన్న చిగురొకటి వస్తుంది. ఆ ఆకు చలికాలంలో ఎండి గోధుమరంగుకు తిరిగినా రాలిపోదు, కొమ్మనే పట్టుకుని వసంతంలో కొత్త మొగ్గలు విచ్చుకునేదాకా ఉంటుంది. చిన్నవయసు బీచ్‌కి ఉండే లక్షణమది. పెద్దచెట్టు పై కొమ్మలు శరత్తులోనే ఆకు రాలుస్తాయి. ఏటా కత్తిరించే దడి ఆ చిన్నతనాన్ని వదలదు. అందుకే ఆకు రాల్చే జాతే అయినా డిసెంబరు, జనవరి నెలల్లో కూడా నీ వంటింటికి అడ్డు ఉంటుంది. ఆ పాత ఆకు ఏప్రిల్ చివర రాలి వాకిలంతా ఎగురుతుంది, విసుక్కోకు. పోగేసి ఓ మూల తడిపి ఉంచితే రెండేళ్ళకు లీఫ్ మోల్డ్ అవుతుంది, తెచ్చి దడి పాదుకే పరచు.

కత్తెర మానేస్తే ఏమవుతుందో చూడాలంటే స్కాట్లండు వెళ్ళినప్పుడు పెర్త్ నుంచి బ్లెయిర్‌గౌరీ పోయే దారిలో మీకిలోర్ దగ్గర ఆగండి. ఆకుపచ్చ బీచ్ దడి అది, 1745లో జీన్ మెర్సర్, ఆవిడ భర్త రాబర్ట్ ముర్రే నెయిర్న్ నాటించారు. మరుసటేడు కలోడెన్ యుద్ధంలో ఆయన చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా దాన్ని ఆకాశం వైపు ఎదగనిచ్చారని చెప్పుకుంటారు. ఇప్పుడది 530 మీటర్ల పొడుగు, 30 మీటర్ల ఎత్తు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన దడిగా గిన్నిస్ రికార్డుల్లో ఉంది. దాన్ని కత్తిరించాలంటే యంత్రాలు రావాలి. నీది నిచ్చెన అక్కర్లేని ఎత్తులోనే, ఆరడుగుల దగ్గరే ఉంచుకో. ఎప్పుడైనా అదుపు తప్పినా కంగారు పడకు. చలికాలం చివర, ఫిబ్రవరిలో, ఒక వైపు లోపలికంటా కోసి, అది బాగా చిగురించాక మరుసటేడో ఆపై ఏడో రెండో వైపు కొయ్యి. రెండు వైపులూ ఒక్కసారే కొయ్యకు.

చట్టం మాట కూడా చెప్పనీ. 2003 చట్టంలోని ఎత్తైన దడుల భాగం ఇంగ్లండు, వేల్స్‌లలో ఏడాదంతా పచ్చగా ఉండే జాతులకే వర్తిస్తుంది, ఆకు రాల్చే బీచ్‌కి కాదు. స్కాట్లండులో 2013 నాటి చట్టం మాత్రం ఆకు రాల్చేవాటినీ కలుపుకుంది. చట్టం పట్టలేదని పక్కవాళ్ళ ఎండ మింగమని కాదు. నాటకముందే వాళ్ళ తలుపు తట్టి, ఏం వేస్తున్నావో, ఎంత ఎత్తు ఉంచుతావో చెప్పు. అటువైపు కత్తిరించడానికి వాళ్ళ తోటలోకి వెళ్ళాల్సింది నువ్వే కదా. ఇక పిట్టల గూళ్ళు. 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం వాడుకలో ఉన్న గూటిని తెలిసి పాడుచెయ్యడం నేరం. ఇక్కడ పిట్టలు మార్చి నుంచి ఆగస్టు దాకా గూళ్ళు కడతాయి. కత్తెర పెట్టేముందు కొమ్మలు పక్కకు తీసి లోపలికి చూడు. గూడు కనిపిస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగు.

మే, జూన్ నెలల్లో లేతాకు అడుగున తెల్లటి దూది అంటినట్టు కనిపిస్తే కోడలు హడలిపోకూడదు. అది బీచ్ పేనుబంక. తేనె బంక కారుతుంది, దాని మీద మసి తెగులు పడుతుంది, ఆకు కొంచెం ముడుచుకుంటుంది. ఎదిగిన దడికి దానివల్ల ప్రాణహాని లేదు. మందులు కొట్టకు, లేడీబర్డ్‌లూ చిన్న పిట్టలూ వాటిని తింటాయి. మందు కొడితే ముందు చచ్చేవి అవే. చిన్న మొక్కల మీద మరీ ఎక్కువైతే నీళ్ళు బలంగా కొట్టి కడిగెయ్, లేదా ఆ కొసలు తుంచెయ్. నిండుగా ఉన్న దడిలో ఒక్క మొక్క ఆకు మాత్రం చిన్నదైపోయి వడలుతుంటే అప్పుడు వేరు దగ్గర తడి చూడు. అక్కడే ఉంటుంది జబ్బు.

రంగు ఎంత ఉండాలన్నది చివరిమాట. చిన్న తోటకు నాలుగు వైపులా వంకాయరంగే కడితే మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో మరీ చీకటిగా ఉంటుంది. ఈ దేశంలో మబ్బు పట్టని మధ్యాహ్నాలు ఎన్ని? దాని ముందు ముదురురంగు పూలు కనిపించవు కూడా. తెలుపు, లేత పసుపు, వెండిరంగు ఆకులైతే ఎత్తి చూపుతుంది. గ్లాస్టర్‌షైర్‌లోని హిడ్‌కోట్ తోట నీకు దూరమేమీ కాదు, ఓ ఆదివారం వెళ్ళి చూసిరండి. 1907లో తల్లి ఆ ఎస్టేటు కొన్నాక లారెన్స్ జాన్‌స్టన్ అక్కడ దడులతో గదులు గదులుగా తోట కట్టాడు. వాటిలో కొన్ని దడులకు వంకాయరంగు బీచ్‌ని ఆకుపచ్చ బీచ్, హోలీ, యూ లాంటి వాటితో కలిపి నాటించాడు. నన్నడిగితే మీ స్థలానికి నాలుగైదు ఆకుపచ్చ బీచ్‌ల మధ్య ఒక వంకాయరంగు మొక్క చొప్పున, లెక్క ప్రకారం కాకుండా అక్కడక్కడ కలిపి నాటితే బాగుంటుంది. రెండూ ఒకే జాతి గనక ఒకే నేల, ఒకే కత్తెర వేళ సరిపోతాయి. విత్తనం మొక్కల్లో రంగు కాస్త అటూ ఇటూ వచ్చినా అందులో కలిసిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. అంతా వంకాయరంగే కావాలని కోడలు పట్టుబడితే ఎండ బాగా పడే ఒక్క వైపుకే వెయ్యండి.

ఎరువులు, రంగులు, ఆర్డర్లు అన్నీ తర్వాత. ఈ శనివారం ఆ రెండు మూడు గోతులూ తవ్వి నీళ్ళు పొయ్యి. ఆదివారం పొద్దున చూసి నాకు ఫోన్ చెయ్. ఇంకిపోతే మొక్కల లెక్క రాసుకుందాం. నిలిచి ఉంటే హార్న్‌బీమ్ ధరలు కనుక్కుందాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ